నల్లరేగడి మీద నాలుగు చక్రాలు

మిర్చి అమ్ముడై చేతిలో నాలుగు డబ్బులు ఆడే రోజుల్లో గుంటూరు, నరసరావుపేట, ఒంగోలు టైర్ల షాపులకు ఒక కొత్త రకం బేరం వస్తుంది. వచ్చేవాళ్ల బండి బాగానే ఉంటుంది. టైర్ల గాళ్లు కూడా అరిగి ఉండవు. కుర్రాడు ఫోనులో ఒక బొమ్మ చూపించి, "అన్నా, మన స్విఫ్ట్‌కి ఇట్టాంటియ్యి పడతయ్యా?" అని అడుగుతాడు. బొమ్మలో 17 అంగుళాల నల్ల అల్లాయ్‌లు, వాటి చుట్టూ రిబ్బను చుట్టినట్టు టైరు, టైరుకీ పైనున్న ఫెండరుకీ మధ్య వేలు దూరని సందు. షాపాయన బొమ్మ వంకా బండి వంకా చూసి, "పడతయ్యి గానీ..." అని ఆగుతాడు. ఆ "గానీ" తర్వాత రావలసిన మాటలు బేరం హడావుడిలో సాధారణంగా బయటికి రావు. వాటిని ఒకచోట చేర్చడానికే ఈ వ్యాసం.

చక్రం, టైరు, బండి ఎత్తు. అమ్మేవాళ్లు మూడింటినీ విడివిడిగా అమ్ముతారు. వాడేవాడికి మాత్రం మూడూ కలిసి ఒకటే లెక్క, ఒకటి మారితే మిగతా రెండూ కదులుతాయి. మిర్చి యార్డు ఎరిగినవాళ్లకు ఈ సంగతి ఇంకో రకంగా చెప్పవచ్చు. బ్యాడిగి కాయను రంగు కోసం కొంటారు, తేజను కారం కోసం కొంటారు. బండిలో అల్లాయ్ రంగైతే టైరు కారం. మన దగ్గర డబ్బంతా రంగుకు పోసి, కారం దగ్గర బేరమాడతారు. నా ఫిర్యాదల్లా అదే.

ముందు నేల సంగతి. నల్లరేగడిలో ఉండే బంకమట్టి, మాంట్‌మోరిల్లోనైట్ అంటారు దాన్ని, నీళ్లు తాగితే ఉబ్బుతుంది, ఎండితే ముడుచుకుని నెర్రెలిస్తుంది. తేమను పట్టి ఉంచే ఈ గుణమే పత్తికి వరం, రోడ్డుకు శాపం. తారు కింద నడిమి భాగంలో తేమ ఇంచుమించు నిలకడగా ఉంటుంది. అంచులు మాత్రం వానకు ఉబ్బి, ఎండకు కుంగుతాయి. అందుకే మన రోడ్లు అంచుల వెంట పొడుగునా చీలతాయి, మధ్యలో అలలు అలలుగా లేస్తాయి. మొన్న వేసిన రోడ్డు కూడా రెండు వానాకాలాలు గడిచేసరికి పడవ ప్రయాణం చేయిస్తుంది. ఈ మట్టికి సున్నం కలిపితే ఉబ్బు తగ్గుతుందని రోడ్ల ఇంజినీర్లకు ఏనాడో తెలుసు. సున్నానికి పేరుపడ్డ పిడుగురాళ్ల ఈ నేల మధ్యలోనే ఉంది. ఆ సున్నం మన పల్లె రోడ్ల కిందికి ఎంత చేరిందో నడుము నొప్పున్న ఎవరినడిగినా చెబుతారు.

దీనికి తోడు బరువు. చీమకుర్తి నుంచి గెలాక్సీ గ్రానైటు దిమ్మెలు మోసే లారీలు, పత్తి తీతల కాలంలో బోరేలు ఎత్తుకుని ఒరిగిపోతూ వచ్చే ట్రాక్టర్లు, మిర్చి సీజనులో యార్డు దారిన బారులు తీరే టిక్కీల (మిర్చి బస్తాల) లారీలు. ఆరు వరుసల 16వ నంబరు జాతీయ రహదారి మీద మీ బండి ఎంత కిందికి ఉన్నా చెల్లుతుంది. చిలకలూరిపేట దగ్గర హైవే దిగి పర్చూరు వైపో, వినుకొండ దాటి లోపలి ఊళ్లకో, సాగర్ కుడికాలువ కట్ట మీదికో తిరిగారా, లెక్క మారిపోతుంది. బండి కొనేటప్పుడు మనం హైవేని తలచుకుంటాం. టైరు పగిలేది మాత్రం ఊరి దారిలో.

ఇక చక్రం. పోత పోసిన అల్యూమినియం చక్రం కొత్త ముచ్చటేం కాదు. 1924లో బుగాటీ టైప్ 35 పందెం కారు అలాంటి చక్రాలతోనే దిగింది. మనకు దగ్గరలో విశాఖపట్నంలో సినర్జీస్ సంస్థ ఏళ్ల తరబడి అల్లాయ్ చక్రాలు పోసి విదేశీ కార్ల కంపెనీలకు పంపింది. దివాలా చట్టం వచ్చాక దేశంలో మొట్టమొదట పరిష్కార ప్రణాళిక ఆమోదం పొందిన కేసు, 2017 ఆగస్టులో హైదరాబాదు ట్రైబ్యునల్‌లో తేలినది, ఆ కుటుంబానిదే: సినర్జీస్ డూరే. లాయర్లకు ఆ పేరు ఎక్కువ తెలుసు, కార్లవాళ్లకు తక్కువ.

అల్లాయ్ వల్ల లాభం అందమూ, కొంతవరకు తేలికదనమూ. స్ప్రింగు కింద వేలాడే బరువు తగ్గితే చక్రం గుంటలోకి దిగి లేవడం సులువవుతుంది. కానీ ఈ మాట అదే సైజు చక్రానికి వర్తిస్తుంది. 14 అంగుళాల ఇనుప చక్రం తీసి 17 అంగుళాల చవక పోత చక్రం పెడితే బరువు తగ్గకపోగా పెరగవచ్చు. అంతకన్నా పెద్ద తేడా దెబ్బ తగిలినప్పుడు బయటపడుతుంది. ఇనుప చక్రం వంగుతుంది, ఆటోనగర్‌లో బెండు తీయించుకుని అదే రోజు ఇంటికి రావచ్చు. పోత అల్లాయ్‌కి పగిలే గుణం ఉంది. పగిలిన దాన్ని వెల్డింగు చేసి, మీద రంగు కొట్టి అమ్మేవాళ్లున్నారు. సెకండ్‌హ్యాండ్ అల్లాయ్ కొనేవాళ్లు లోపలి వైపు, అంటే బ్రేకు వైపు ముఖాన్ని కడిగించి చూడాలి. మెరుగు పైన చేస్తారు, అతుకు లోపల దొరుకుతుంది.

సరిపోవడం సంగతి చూద్దాం. స్విఫ్ట్, ఐ20 రెండింటికీ నాలుగు బోల్టులే, వాటి మధ్య కొలత (పీసీడీ) 100 మి.మీ.యే. క్రెటాకు, ఇన్నోవా క్రిస్టాకు 5 బోల్టులు, 114.3 మి.మీ. "అదే పీసీడీ కదా" అని ఒకదాని చక్రం మరొకదానికి ఎక్కించి, నట్లు కూడా అటూ ఇటూ మార్చేస్తారు. మారుతి నట్టు మర 1.25, హ్యుందాయ్‌ది 1.5. ఒకటి రెండు చుట్లు ఎక్కినట్టే ఎక్కి మర కొరుక్కుపోతుంది. నడిమి రంధ్రం హబ్‌కు పట్టకపోతే బ్యాలెన్సింగు ఎన్నిసార్లు చేయించినా 80 దాటాక స్టీరింగు వణుకుతుంది. అక్కడ పెట్టే ప్లాస్టిక్ రింగు విలువ ఒక పూట భోజనం ఖర్చుకు మించదు, అయినా దాన్ని అడిగేవాడు లేడు. ఆఫ్‌సెట్ తగ్గించి చక్రాన్ని బయటికి నెడితే చూపుకు బాగుంటుంది. బేరింగు మీద భారం పెరుగుతుంది, రేగడి బురదంతా తలుపుల మీదికి చిమ్ముతుంది.

అసలు విషయం టైరులో ఉంది. ఒక ముచ్చట చెప్పి ముందుకు పోతాను. మన పత్తికీ టైరుకూ పాత చుట్టరికం ఉంది. గాలి టైరు పుట్టిన మొదటి దశాబ్దాల్లో రబ్బరు లోపలి అస్థిపంజరమంతా నూలు దారమే. మొదటి ప్రపంచయుద్ధం వేళ మేలిరకం పత్తికి కరువొచ్చి, గుడ్‌ఇయర్ కంపెనీ 1917లో ఆరిజోనా ఎడారిలో వేల ఎకరాలు కొని పత్తి వేయించింది. అక్కడ వెలిసిన ఊరికి ఇప్పటికీ గుడ్‌ఇయర్ అనే పేరు. తర్వాత రేయాన్, నైలాన్, పాలిస్టర్ వచ్చి పత్తిని పక్కకు నెట్టాయి. ఈనాటి టైరులో ఆ దారాలూ ఉక్కు తీగలూ ఉన్నాయి గానీ సూత్రం మారలేదు: బరువు మోసేది రబ్బరు కాదు, దారం పట్టి ఉంచిన గాలి. టైరు గోడ పొట్టిదైతే ఆ గాలికి చోటు తగ్గుతుంది.

స్విఫ్ట్‌నే తీసుకుందాం. 2018లో వచ్చిన మోడల్ కింది రకాలకు కంపెనీ ఇచ్చింది 165/80 ఆర్14, పై రకానికి 185/65 ఆర్15. మొదటి అంకె వెడల్పు, రెండోది ఆ వెడల్పులో గోడ ఎత్తు ఎంత శాతమో, మూడోది రిమ్ము అంగుళాలు. లెక్క వేస్తే మొదటిదాని మొత్తం ఎత్తు 619.6 మి.మీ., రెండోదానిది 621.5. బలేనోకు వచ్చే 195/55 ఆర్16 తీసుకున్నా 620.9. కుర్రాడి ఫోనులోని 205/45 ఆర్17 అయితే 616.3. మొత్తం ఎత్తులో తేడా ఒక శాతం లోపే కాబట్టి స్పీడోమీటరు పెద్దగా తప్పు చూపదు, షాపాయన "పడతయ్యి" అన్నది అబద్ధం కాదు. కానీ గోడ ఎత్తు చూడండి: 132, 120, 107, 92 మి.మీ. 14 నుంచి 17కు వెళ్లేసరికి రెండు వేళ్ల మందం రబ్బరూ గాలీ పోయి, ఆ స్థానంలో లోహం వచ్చింది. గుంట అంచు తగిలినప్పుడు ఆ రెండు వేళ్లే రిమ్మును కాపాడేవి. అవి లేకపోతే గోడ రిమ్ముకూ రాయికీ మధ్య నలిగి, లోపలి దారాలు తెగి, మర్నాటికి టైరు పక్కన గుడ్డంత ఉబ్బు లేస్తుంది. ఆ ఉబ్బుకు పంక్చరు లేదు, అతుకు లేదు, టైరు మార్చడమే.

గోడ మీద ఇంకో అంకె ఉంటుంది, ఎవరూ చదవరు. 88 అని ఉంటే ఆ టైరు 560 కిలోలు మోస్తుంది. 84 అయితే 500 కిలోలు. 185/65 ఆర్15 సాధారణంగా 88తో వస్తుంది, మామూలు 205/45 ఆర్17 84తో వస్తుంది. వెడల్పు పెరిగింది కాబట్టి మోత కూడా పెరిగిందనుకోవడం సహజం. జరిగింది తిరగబడ్డ లెక్క, చక్రానికి 60 కిలోలు తగ్గింది. పెద్ద సైజు తప్పదనుకుంటే గోడ మీద "ఎక్స్‌ఎల్" గుర్తున్న 88 రకం అడగండి. దానికి గాలి కూడా కాస్త ఎక్కువ పట్టాలి.

గాలి అన్నాను కాబట్టి ఎండ గురించి. రాష్ట్రంలో ఎండలు ముదిరినప్పుడల్లా పేపర్లలో రెంటచింతల పేరు వస్తుంది. ఉదయం 25 డిగ్రీల్లో 32 పౌండ్లు కొట్టించిన టైరు, నడవకుండా నీడలో ఉన్నా, గాలి 45 డిగ్రీలకు వేడెక్కితే 35 దాటుతుంది. ఇది చూసి మధ్యాహ్నం గాలి తీసేస్తారు చాలామంది. అదే తప్పు. రాత్రికి చల్లబడ్డాక టైరు చాలని గాలితో మిగులుతుంది, మర్నాడు హైవే మీద గోడ ఎక్కువగా మడత పడి వేడెక్కుతుంది. వేసవిలో టైర్లు పేలేది ఎక్కువగా గాలి తక్కువైనందుకే, ఎక్కువైనందుకు కాదు. కొలవాల్సింది ఉదయాన్నే, బండి తీయకముందు. నైట్రోజను సంగతి ఒక్క మాటలో తేలుస్తాను: ఉచితంగా దొరికే గాలిలో అది 78 శాతం ముందే ఉంది.

టైరు కొనేటప్పుడు గోడ మీద నాలుగంకెల తేదీ చూడండి. 1125 అంటే 2025లో పదకొండో వారం. ఐఎస్‌ఐ గుర్తు తప్పనిసరి. కొన్నింటి మీద "టెంపరేచర్" అని ఏ, బి, సి తరగతి ఉంటుంది, మన ఎండకు "ఏ" మేలు. కంపెనీల తగవులోకి నేను దిగను. ఎమ్మారెఫ్ సదాశివపేటలో చేస్తోంది, అపోలో చిన్నపండూరులో చేస్తోంది, బయటి పేర్లు కూడా బోలెడున్నాయి. పాత గోదాములో మూడేళ్లు పడున్న గొప్ప పేరు కన్నా నిరుడు చేసిన మామూలు పేరు నయం. గాళ్ల మధ్య చిన్న దిమ్మెలుంటాయి. అరుగుదల వాటికి సమానమైందంటే లోతు 1.6 మి.మీ.కి వచ్చిందన్నమాట, చట్టం ఒప్పేది అంతవరకే. మన తుపాను వానల్లో నేనైతే దానికి చాలా ముందే మారుస్తాను. వెడల్పు టైరుకు నీళ్ల మీద తేలే గుణం ఎక్కువ, అరిగిన వెడల్పు టైరుకు మరీ ఎక్కువ.

ఇక మూడోది, బండిని కిందికి దించడం. ఈ మోజు పుట్టుక కాలిఫోర్నియాలోని మెక్సికన్ అమెరికన్ కుర్రాళ్ల లోరైడర్లది. జపానులోనూ జర్మనీలోనూ దానికి తమ్ముళ్లున్నారు. 1958లో కాలిఫోర్నియా ఒక చట్టం పెట్టింది: రిమ్ము అడుగు కన్నా కిందికి బండి ఏ భాగమూ ఉండకూడదని. టైరు పోయినా బండి అడుగు నేలను గీరకూడదన్నది దాని సారం. అప్పుడు కుర్రాళ్లు హైడ్రాలిక్ పంపులు బిగించి, పోలీసు కనపడితే లేపడం, పోయాక దించడం మొదలెట్టారు. వాళ్ల కింద కాంక్రీటు బాట ఉంది. అందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు, అది వాళ్ల కళ.

మంచి పనితనంతో చేసిన స్ప్రింగులు, ఐబాక్, హెచ్ అండ్ ఆర్, టైన్ లాంటి పేర్లు, బండిని 30, 35 మి.మీ. దించుతాయి. మూల తిరిగేటప్పుడు ఒరగడం తగ్గుతుంది, చదునైన రోడ్డు మీద బండి నేలను అంటిపెట్టుకున్నట్టుంటుంది. అది నిజం, కాదనను. మన దగ్గర వాటి బదులు జరిగేది వేరు: ఉన్న స్ప్రింగును ఒక చుట్టు కోసేయడం. అయిదు చుట్ల స్ప్రింగులో ఒకటి కోస్తే మిగిలింది పాతిక శాతం గట్టిపడుతుంది. షాకబ్జర్లు మాత్రం పాతవే, ఆ గట్టిదనాన్ని అదుపు చేయలేవు, పైగా వాటి నడక సగం తగ్గిపోయి ప్రతి గుంటకూ రబ్బరు దిమ్మకు కొట్టుకుంటాయి. చక్రం పూర్తిగా కిందికి వేలాడినప్పుడు కోసిన స్ప్రింగు దాని గూటిలోంచి జారవచ్చు. చక్రం వాలు (క్యాంబరు) మారి టైరు లోపలి అంచు కత్తితో చెక్కినట్టు అరిగిపోతుంది, బయటి నుంచి కనపడదు.

మా మేనల్లుడు ఇదే చేయించాడు. పర్చూరు దారిలో ఒక ఊరి మొదట్లో, ఎవరో సొంతంగా వేసిన స్పీడు బ్రేకరు మీద బండి పొట్ట ఆనింది. ఇంజను కింద చాంబరు పగిలి ఆయిలంతా రోడ్డు పాలు. "మామయ్యా, వంద సార్లు దాటానుగా ఇక్కడ! ఇయాళ వెనకాల అత్తా వాళ్లు కూర్చున్నారంతే" అన్నాడు ఫోనులో. ఆ "అంతే"లోనే లెక్కంతా ఉంది.

ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ చెప్పిన స్పీడు బ్రేకరు ఎత్తు 10 సెం.మీ., వెడల్పు 3.7 మీటర్లు, వంపు 17 మీటర్ల వ్యాసార్ధం. స్విఫ్ట్ ముందు వెనక చక్రాల మధ్య 2.45 మీటర్లు. అంటే కారు మొత్తం ఆ దిబ్బ మీదే నిలబడుతుంది, రెండు చక్రాల మధ్య దిబ్బ లేచేది 44 మి.మీ. మాత్రమే. స్విఫ్ట్‌కు నేలకూ పొట్టకూ మధ్య ఖాళీ 163 మి.మీ., అదీ బండిలో ఎవరూ లేనప్పుడు. దించిన బండి కూడా నియమం ప్రకారం వేసిన దిబ్బను నిక్షేపంగా దాటుతుంది. మన ఊళ్లలో దిబ్బ మీటరు వెడల్పు, అరజానెడు ఎత్తు. ముందు చక్రం దిగిపోయి, వెనక చక్రం ఇంకా ఎక్కకముందు, ఆ అరజానెడు మొత్తం పొట్ట కింద ఉంటుంది. 163లో 35 దించితే 128. అయిదుగురు ఎక్కి, డిక్కీలో ఒక టిక్కీ పడితే ఇంకో రెండు మూడు వేళ్లు పోతుంది. మిగిలింది అరజానెడు కన్నా తక్కువ. మా వాడి చాంబరు పగలడానికి దురదృష్టం అక్కర్లేదు, కూడికలూ తీసివేతలూ చాలు.

దీనికి ఎదురు మోజు కూడా ఉంది, చుట్ల మధ్య రబ్బరు బఫర్లు ఇరికించి బండిని లేపడం. పెద్దవాళ్లు, దూరపు పెళ్లిళ్లకు ఏడుగురు ఎక్కేవాళ్లు చేయిస్తారు. రబ్బరు ఇరికిన చోట ఆ చుట్టు పని చేయదు, కాబట్టి అది కూడా ఒక రకంగా స్ప్రింగు కోయడమే. అన్నదమ్ముల్లో ఒకడు పొట్టి, ఒకడు పొడుగు, బుద్ధి మాత్రం ఒకటే. ఖాళీ కావాలనుకున్నవాళ్లు ఇప్పుడు ఏకంగా 198 మి.మీ. బ్రెజా, 190 మి.మీ. క్రెటా కొంటున్నారు. ఆ ఎత్తు కంపెనీ లెక్కగట్టి ఇచ్చినది, నాకు అందులో పేచీ లేదు.

చట్టం ఏమంటుంది? మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ప్రకారం తయారీదారు చెప్పిన వివరాలకు తేడా వచ్చేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు కేరళ కేసులో ఇదే గట్టిగా చెప్పింది. అదే ఏడాది వచ్చిన సవరణతో, అనుమతి లేని భాగాలు బిగించి బండిని మార్చిన యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. రోడ్డు మీద దీన్ని ఎంత పట్టించుకుంటున్నారన్నది వేరే సంగతి. ప్రమాదం జరిగాక ఇన్సూరెన్సు సర్వేయరు మాత్రం తప్పక చూస్తాడు. కోసిన స్ప్రింగు అతనికి కళ్లకు కట్టినట్టు కనపడుతుంది. అల్లాయ్‌లు బయట వేయించినా పాలసీలో రాయించుకోవాలి.

తీర్పు చెప్పమంటే, ఈ మైదానంలో తిరిగే చిన్న కారుకు మీ మోడల్ పై రకానికి కంపెనీ ఇచ్చిన సైజు దాకా వెళ్లండి, దాటొద్దు. 14 అంగుళాల స్విఫ్ట్‌కు 15 అంగుళాలు చాలు, అందంగానూ ఉంటుంది. అల్లాయ్‌లో మిగిల్చిన డబ్బు టైరుకు పెట్టండి. స్టెప్నీ కూడా అదే కొలత టైరుగా ఉంచుకోండి, లేకపోతే రాత్రిపూట అద్దంకి దగ్గర ఆగినప్పుడు నన్ను తిట్టుకుంటారు. స్ప్రింగులను ముట్టుకోవద్దు. బండి బద్ధకంగా ఒరుగుతోందనిపిస్తే ముందు బుష్‌లూ లింక్ రాడ్లూ షాకబ్జర్లూ చూపించండి, సగం సార్లు జబ్బు అక్కడే ఉంటుంది. వారంలో ఆరు రోజులు హైవే మీదే తిరిగి, ఊరి దారి ఎరగనివాళ్లు మంచి స్ప్రింగులకు తగిన షాకబ్జర్లు జత చేసి దించుకుంటే నాకు అభ్యంతరం లేదు. అలాంటివాళ్లు మన ప్రాంతంలో ఎంతమంది ఉంటారో మీకే తెలుసు.

షాపుకు వెళ్లేముందు డ్రైవరు తలుపు తీసి, పక్కనున్న స్టిక్కరును ఫోనులో ఫోటో తీసుకోండి. మీ టైరు సైజూ, కొట్టించాల్సిన గాలీ దాని మీదే ఉంటాయి.